పురిటింటి వార్త – పద్దు పుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



రఘువంశమున తృతీయ సర్గయందు ఒక చిన్న సన్నివేశము గలదు. దిలీప మహారాజునకు చిరకాలమునకు కుమారుడు కలిగెను. అంతఃపుర పరిచారకు డొకడు వచ్చి ఆ వార్తను విన్నవించెను. ఆ క్షణమున రాజునకు ఈయరానివి మూడు వస్తువులే మిగిలెనని కాళిదాసు చెప్పినాడు: వెల్లగొడుగు ఒకటి, వింజామరలు రెండు. తక్కినదంతయు ఈయదగినదే యయ్యెను. కావ్యరసికులకు ఇందు రాజు ఔదార్యము కనబడును. లెక్కలతో పొద్దు పుచ్చువారికి మరియొక సంగతి కనబడును. తన నగరియందే, తన రాణికే బిడ్డ పుట్టినను, ఎవరో ఒకరు వచ్చి చెప్పినగాని రాజునకు తెలియలేదు. చెప్పిన పిమ్మటనే దానము ఆరంభమైనది.

నేటి ప్రభుత్వమునకు నగరి లేదు. గ్రామగ్రామమున పురిటిండ్లు గలవు. తల్లులకు సొమ్ము, బిడ్డలకు పాలు, గ్రుడ్లు, ఇంటికి బియ్యము, బడికి సాయము అని చట్టములును పథకములును అనేకములు ఏర్పడియున్నవి. ఇవి ఏవియు తమంతట తాము గడప యెక్కిరావు. బిడ్డ పుట్టినదని చెప్పవలెను. చెప్పిన మాట పుస్తకమున కెక్కవలెను. ఆ వార్త ఎట్లు చేరవలెను, దారిలో ఎచ్చట చిక్కుకొనుచున్నది, చిక్కుకొనినచో నష్టపోవున దెవరు అనునదియే నేటి ప్రసంగ విషయము.

నన్నయభట్టారకుడు ఈ రాజమహేంద్రవరముననే రాజరాజనరేంద్రుని కోరికపై భారతమును తెనిగింప నారంభించెను. అందలి ఆదిపర్వమున కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనము గలదు. కర్ణుడు రంగమున ప్రవేశించి అర్జునుడు చూపిన విద్యలన్నియు తానును చూపి, ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. అప్పుడు కృపాచార్యుడు అడిగినది విలువిద్యను గూర్చి కాదు. నీ తల్లిదండ్రు లెవరు, నీ కుల మేది యని యడిగెను. అర్జునునకు సరితూగిన వీరుడు ఆ ప్రశ్నకు తల వంచెను. అదే సభలో కుంతి కూర్చుండియున్నది. ఎరిగిన తల్లి నోరు విప్పలేక మూర్ఛిల్లెను. దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి ఆ పూటకు కర్ణుని నిలబెట్టెను గాని, ఆ యొక్క ప్రశ్న భారత మంతటను అతని వెంట నడచినది. పుట్టినప్పుడు పెట్టెలో పెట్టి ఏటిలో విడిచిన బిడ్డకు తరువాత ఎవ రెంత యిచ్చినను మొదటి పద్దు లేదు.

నేడు పాఠశాలలో చేర్చుకొనునప్పుడు, ఆధారు కేంద్రమున, పాస్‌పోర్టు కార్యాలయమున అడుగునది కులగోత్రములను కాదు, జనన ధ్రువపత్రమును. దానికి తల వంచవలసిన బిడ్డలు ఇప్పటికిని గలరు. వారికి అంగరాజ్య మిచ్చు దుర్యోధనుడు ఏ కార్యాలయమునను కూర్చుండియుండడు.

జననములను వ్రాసియుంచుట పాశ్చాత్యుల వలన నేర్చిన విద్య యని కొందరి అభిప్రాయము. అది సరికాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోపు డను నధికారి గలడు. ఐదు లేక పది గ్రామముల కొక గోపుడు. పొలముల సరిహద్దులు, ఇండ్లు, పన్ను నిచ్చు ఇల్లేది, ఈయని ఇల్లేది, ఒక్కొక్క కుటుంబమున స్త్రీపురుషు లెందరు, బాలురెందరు, వృద్ధు లెందరు, వారి పని యేమి, ఆదాయ మెంత, వ్యయ మెంత యని అతడు వ్రాసికొనవలెను. పాటలీపుత్ర నగరమున జనన మరణములను విచారించుటకే ప్రత్యేక సంఘ మొకటి యుండెనని మెగస్తనీసు వ్రాసినట్లు స్ట్రాబో గ్రంథము వలన తెలియుచున్నది. అది పన్ను కొరకు మాత్రమే గాక, గొప్పవారింటి బిడ్డయైనను, పేదవారింటి బిడ్డయైనను ప్రభుత్వమునకు తెలియకుండ పోరాదని ఏర్పడినదట. ఆ అర్థశాస్త్రముననే జనపద నివేశమును గూర్చిన అధ్యాయమున బాలురను, వృద్ధులను, ఆపన్నులను, అనాథలను, దిక్కులేని స్త్రీలను, వారికి పుట్టిన బిడ్డలను రాజు పోషింపవలెనని గలదు. లెక్క ఒక అధ్యాయమున, పోషణ వేరొక అధ్యాయమున. ఈ రెంటిని కలుపువాడు లేనిచో గోపుని పుస్తకము పన్నుకు మాత్రమే పనికివచ్చియుండును. పూర్వకాలమున అట్లే జరిగినదేమో!

ఆంగ్లేయుల కాలమున 1886లో జనన మరణ వివాహముల రిజిస్ట్రేషను చట్టమును, చెన్నపట్టణ ప్రెసిడెన్సీకి 1899లో ప్రత్యేక చట్టమును వచ్చినవి. గ్రామ మునసబు జనన మరణముల పుస్తకము నుంచుచుండెను. కరణము భూమి లెక్క లుంచుచుండెను. ఆ పుస్తకములు రెండును ఒక్క చావడిలోనే యుండినను వానికి జరిగిన మర్యాద ఒక్కటి కాదు. సెంటు భూమి తేడా వచ్చినచో అమలాపురము కోర్టు దాక పోవు రైతు, మనుమరాలి పుట్టిన తేది అడిగినచో, గోదావరి పెద్ద వరద వచ్చిన యేడు అనియో, నాట్లు ముగిసిన వారము అనియో చెప్పి ఊరకుండును. జాతకము వ్రాయించుకొన్న ఇండ్లలో తిథి, వార, నక్షత్రములు ఘడియ విఘడియలతో సహా దొరకును. ఇంగ్లీషు తేది దొరకదు. తక్కిన ఇండ్లలో అదియు లేదు. బడిలో చేర్చుకొను ఉపాధ్యాయుడు వానిని చూచి, వయసు ఊహించి, జూన్ నెలదో జూలై నెలదో మొదటి తేది వేయుచుండెను. ఆ విధముగ ఒకే దినమున పుట్టిన పెద్దలు ఈ గోదావరి జిల్లాలలో ఎందరు గలరో చెప్పుట కష్టము. ఉద్యోగవిరమణ నాడు అందరును కలిసి దండలు వేయించుకొనిరి.

1984లో పార్ట్‌టైము గ్రామోద్యోగుల పదవులు రద్దయినవి. మునసబు, కరణము పోయిరి. నేడు గ్రామమున ఈ పుస్తకము పంచాయతీ కార్యదర్శి చేతిలో నున్నది. దానికి ఆధారము 1969వ సంవత్సరపు జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము. అది 1970 నుండి అమలునకు వచ్చినది, 2023లో సవరింపబడినది.

చట్టము చెప్పునది కష్టమైన విషయము కాదు. బిడ్డ పుట్టిన 21 దినములలోపల తెలుపవలెను. ఇంటిలో పుట్టినచో ఇంటి పెద్ద తెలుపవలెను. ఆసుపత్రిలో పుట్టినచో ఆసుపత్రివారే తెలుపవలెను. సత్రములోనో వసతిగృహములోనో పుట్టినచో దాని అధికారి తెలుపవలెను. దిక్కులేక దారిలో దొరకిన పసికందును గూర్చియు చట్టము మరచిపోలేదు. గ్రామమున గ్రామాధికారియు, ఇతర స్థలముల పోలీసు స్టేషను అధికారియు తెలుపవలెనని యున్నది. ప్రాణముతో పుట్టినను, ప్రాణము లేక పుట్టినను జననము జననమే, రెండును వ్రాయదగినవే. తెలిపినవారికి ధ్రువపత్రము ఉచితముగ ఈయవలెను.

21 దినములు దాటి 30 దినములలోపల నైనచో ఆలస్య రుసుము. 30 దినములు దాటి సంవత్సరము లోపల నైనచో పై అధికారి వ్రాతమూలకమైన అనుమతియు, స్వయముగ ధ్రువీకరించిన పత్రమును కావలెను. సంవత్సరము దాటినదా, మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. పూర్వము మొదటి తరగతి మేజిస్ట్రేటు, 2023 సవరణము పిమ్మట జిల్లా మేజిస్ట్రేటుగాని, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటుగాని, జిల్లా మేజిస్ట్రేటు అధికార మిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుగాని. మూడు వారములలో కాగితము ముక్కతో పోవు పని సంవత్సరము గడచినంతనే ఊరు దాటి పోవు పని యగుచున్నది. కూలికి పోవువానికి ఒక్కొక్క తిరుగుడు ఒక దినపు కూలి.

2023 అక్టోబరు 1వ తేది నుండి పుట్టిన బిడ్డలకు ఈ జనన ధ్రువపత్రమే పుట్టిన తేదికి, స్థలమునకు ఆధారము. బడి ప్రవేశము, ఓటర్ల పట్టిక, డ్రైవింగు లైసెన్సు, ప్రభుత్వోద్యోగము, వివాహ రిజిస్ట్రేషను, ఆధారు, అన్నిటికి అదియే. ఉపాధ్యాయుడు ముఖము చూచి తేది వేయు కాలము గతించినది. ఇది మేలే. కాని పూర్వము పత్రము లేనివానికి ఉపాధ్యాయుని దయ యుండెను. ఇప్పుడు పత్రము లేనివానికి ఏమియు లేదు. చట్టము బిగిసినకొలది మొదటి 21 దినముల విలువ పెరిగినదని గ్రహింపవలెను.

ఈ 21 అను సంఖ్య తెలుగు ఇండ్లకు క్రొత్తది కాదు. పురుడు తీరిన పదునొకండవ నాడు గాని, కాదన్నచో ఇరువది యొకటవ నాడు గాని బారసాల చేయుట ఇచటి ఆచారము. పళ్లెములో బియ్యము పోసి, బంగారుటుంగరముతో తండ్రి పేరు వ్రాయును. అమ్మలక్కలు ఉయ్యాలపాటలు పాడుదురు. బియ్యముపై వ్రాసిన పేరు ఆ పూటతో కలిసిపోవును. ఆ సాయంకాలమే పంచాయతీకి పోయి పుస్తకమున వ్రాయించినచో ఆచారమును చట్టమును ఒక్క దినముననే చెల్లును. పంచాంగము చూచి ముహూర్తము పెట్టు పెద్దలు ఈ గడువును కూడ చూడవచ్చును.

కాన్పులు ఇండ్లలో జరుగు కాలము పోయినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. ఆసుపత్రివారే తెలుపుదురు గదా, ఇంక చిక్కేమి యని అడుగవచ్చును. చిక్కు రెండు విధములు.

మొదటిది పేరు. తల్లి ఆసుపత్రి విడిచి వచ్చునాటికి బారసాల కాలేదు. బిడ్డకు పేరు లేదు. పుస్తకమున ఫలానా తల్లికి ఆడశిశువు, మగశిశువు అని మాత్రమే యుండును. పేరు గడి ఖాళీ. సంవత్సరము లోపల తల్లిదండ్రులు పోయి చెప్పినచో రుసుము లేకుండ పేరు చేర్తురు. ఆ తరువాత 15 సంవత్సరముల వరకు రుసుముతో చేర్తురు. పత్రము చేతికి వచ్చినదను ధైర్యముతో దానిని బీరువాలో పెట్టినవారు బిడ్డను బడికి తీసికొనిపోవునాడు విప్పి చూచి తెల్లబోవుదురు.

రెండవ చిక్కు ఇంకను లోతైనది. అది ఏ అధికారి తప్పును కాదు, తెలుగువారి కాన్పు ఆచారమునుండి పుట్టినది. తొలికాన్పు పుట్టినింట. ముమ్మిడివరము వైపు పుట్టినిల్లు, తణుకు వైపు అత్తవారిల్లు గల యొక ఆడపడుచును ఊహింపుడు. ఏడవ నెలలో సారెతో పుట్టినింటికి వచ్చినది. అమలాపురమున కాన్పయినది. చట్టప్రకారము బిడ్డ ఎక్కడ పుట్టెనో అక్కడి పుస్తకమునకే ఎక్కవలెను. కావున పద్దు అమలాపురమున. బియ్యపు కార్డు అత్తవారి యూర. నడుమ వశిష్ఠ, అవతల జిల్లా వేరు. మూడవ నెలనో ఐదవ నెలనో తల్లి బిడ్డ నెత్తుకొని అత్తవారింటికి పోవును. ధ్రువపత్రము పుట్టినింటి పెట్టెలోనే యుండిపోవును, లేదా ఇంకను ఎవరును తెచ్చుకొననే లేదు. పుట్టినింటివారు, అల్లుడు చూచుకొనును అని తలతురు. అల్లుడు, మామగారు తెచ్చియుందురు అని తలచును. ఇది అలసత్వము కాదు, మర్యాద. ఒకరి పని నొకరు చేయుట తగదేమో యని జంకు.

ఇంతటితో ముడి విడదు. పెండ్లియై రెండేండ్లయినను ఆ యమ్మాయి పేరు ఇంకను తండ్రిగారి కార్డులోనే యుండవచ్చును. తల్లి పేరు అత్తవారి కార్డు కెక్కకుండ బిడ్డ పేరు అందు చేరుట దుర్ఘటము. మరి ఆసుపత్రిలో పేరు చెప్పినవారు తల్లిగారివారు గనుక వారి నోట పుట్టినింటి యింటిపేరు వచ్చినది. ఆధారులో ఒకటి, బ్యాంకులో ఒకటి, జనన పత్రములో ఒకటి! ముగ్గురు స్త్రీలా ఒక స్త్రీయా యని యంత్రమునకు సందేహము. మనుష్యుడైన అధికారికి చెప్పి ఒప్పింపవచ్చును గాని, యంత్రము అక్షరమునే చూచును.

దీనికి చట్టమున ఉపాయము గలదు. 15వ సెక్షను ప్రకారము తప్పును సవరింపవచ్చును. ఆ సవరించు పద్ధతి లెక్కలు వ్రాయువారికి మిక్కిలి ప్రీతికరమైనది: మూలమున నున్న వ్రాతను కొట్టివేయరాదు, చెరుపరాదు, ప్రక్క మార్జినులో సవరణ వ్రాసి, సంతకము చేసి, తేది వేయవలెను. వందల యేండ్లుగా మంచి చావడి లెక్కల నీతియు ఇదియే. కాని సవరణకు పోవుటకంటె, ఆసుపత్రిలో చేర్చునాడే తల్లి ఆధారులో నున్న పేరును కాగితముపై వ్రాసి యిచ్చుట సుకరము.

ఇట్లు ఆలస్యమైనచో పోవున దేమి? 2013వ సంవత్సరపు జాతీయ ఆహార భద్రతా చట్టము క్రింద సామాన్యపు కార్డు గల యింటికి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము. 2023 జనవరి నుండి అది ఉచితము. అంత్యోదయ కార్డువారికి ఇంటికి 35 కిలోలు గనుక బిడ్డ చేరినను చేరకున్నను మార్పు లేదు. తక్కినవారికి బిడ్డ పేరు చేరినచో సంవత్సరమునకు 60 కిలోలు. అన్నప్రాశనమైనను కాని బిడ్డకు బియ్యమేల యని హాస్యమాడువారు గలరు. ఆ బియ్యము బిడ్డకు పాలిచ్చు తల్లి తినును. పేరు చేరని నెలల బియ్యము వెనుకకు తిరిగి రాదు.

తరువాత ప్రధానమంత్రి మాతృవందన యోజన. ఇది 2017 జనవరి 1 నుండి ఆరంభమైనది. అర్హురాలైన తల్లికి మొదటి బిడ్డకు 5000 రూపాయలు. గర్భము నమోదు చేయించుకొని పరీక్ష చేయించుకొన్న పిదప 3000. మిగిలిన 2000 ఎప్పుడనగా, బిడ్డ జననము రిజిస్టరై, 14 వారముల వరకు వేయవలసిన టీకాలన్నియు వేసిన పిదప. 2022 ఏప్రిల్ నుండి రెండవ బిడ్డ ఆడబిడ్డ యైనచో 6000 ఒకేసారి. మొదటి సొమ్ము తీసికొని రెండవ దానికి ఆగిపోయిన తల్లుల కథ విచారించినచో, టీకాలు వేయించిరి, పత్రము మాత్రము లేదు అను సమాధానము పలుమారు వినబడును. పై చెప్పిన ఏటి కిరుదరుల కథయే అది. ఈ సొమ్ము తల్లి పేరనున్న ఖాతాకే చేరును. భర్త ఖాతాకు గాదు, అత్తగారి ఖాతాకు గాదు.

తల్లికే ఇయ్యవలెనను నియమము తేలికగా రాలేదు. న్యూజిలాండులో 1926లో కుటుంబ భృతి చట్టము చేసిరి. మూడవ బిడ్డ మొదలుకొని వారమునకు రెండు షిల్లింగులు. బ్రిటనులో 1945లో చట్టము చేసి 1946 ఆగస్టు నుండి రెండవ బిడ్డ మొదలుకొని వారమునకు ఐదు షిల్లింగు లిచ్చిరి. ప్రభుత్వము తెచ్చిన బిల్లులో సొమ్ము తండ్రికని యుండెను. ఎలినార్ రాథ్‌బోన్ అను పార్లమెంటు సభ్యురాలు పట్టుబట్టి దానిని తల్లికని మార్పించెను. ఈమె 1934లో భారతదేశపు బాల్యవివాహములను ఖండించుచు గ్రంథము వ్రాసిన యామెయే. నేటికిని ఆ దేశమున జననము రిజిస్టరైన పిదపనే శిశుభృతికి అర్జీ పెట్టుదురు. ఆలస్యమైనచో మూడు నెలలకు మించి వెనుకటి సొమ్ము ఈయరు. స్కాట్లండులో రిజిస్ట్రేషను గడువు ఇచటి వలెనే 21 దినములు, ఇంగ్లండులో 42. దొరల దేశములోను తల్లిదండ్రులు మరచుటయు, గడువు దాటుటయు కలదు. అయితే అచ్చట బిడ్డ పుట్టినింట పుట్టి అత్తింట పెరుగదు.

ఆంధ్రప్రదేశమున 2025 జూన్‌లో తల్లికి వందనము పథకము అమలైనది. చదువుకొను బిడ్డలెందరున్న అందరి లెక్కనను సంవత్సరమునకు తలకు 15000 రూపాయలు. అందులో 2000 బడి నిర్వహణకు. అంతకు మునుపు 2020 జనవరిలో వచ్చిన అమ్మఒడి తల్లికి ఒక్కటే. లెక్క తల్లి నుండి బిడ్డకు మారినది. బిడ్డ పేరు ఆ యింటి లెక్కలో లేనిచో, బడిలో ఎదుట కూర్చున్న బాలుడు కూడ లేనివాడే యగును.

ఒక కాలమున బిడ్డను దాచుటయే లాభముగ నుండెను. 1994వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము 19వ సెక్షనున, ఇద్దరికి మించిన సంతానము గలవారు పంచాయతీ ఎన్నికలలో నిలుచుట కనర్హులని నియమము పెట్టిరి. జనాభా తగ్గింపవలెనను సంకల్పము మంచిదే. హర్యానాలోని అటువంటి నియమమును 2003లో సుప్రీంకోర్టు సమర్థించినది కూడ. కాని పద్దు పుస్తకమునకు దాని వలన కలిగిన కీడును చెప్పక తప్పదు. సర్పంచి పదవి కోరువానికి మూడవ బిడ్డ శత్రువయ్యెను. జననము వ్రాయింపకుండుట, బంధువుల యింట వ్రాయించుట, దత్తత ఇచ్చితిమనుట వంటివి ఇట్టి నియమము గల రాష్ట్రములలో జరిగినట్లు 2005లో నిర్మలా బుచ్ ప్రకటించిన పరిశీలనము తెలుపుచున్నది; అందు ఆంధ్రప్రదేశము కూడ ఒకటి. తండ్రి సర్పంచి యగుటకు బిడ్డ లేనిదయ్యెను. 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ ఆ నియమమును తొలగించు బిల్లు నామోదించినది. నియమము తొలగినను భయము వెంటనే తొలగదు. మూడవ కాన్పు వ్రాయించినచో కార్డు పోవుననియు, పింఛను పోవుననియు చెప్పుకొను ముసలమ్మ లిప్పటికిని గలరు. మూడవ బిడ్డకు మాతృవందన సొమ్ము రాదు, నిజమే. అంతమాత్రమున వ్రాయింపకుండుట తగదు. బియ్యము, టీకా, అంగన్‌వాడీ, బడి, అన్నియు ఆ బిడ్డకును సమానమే.

భర్త లేని తల్లి సంగతి యేమి? ఛాందోగ్యోపనిషత్తున సత్యకామ జాబాలుని కథ అందరును ఎరిగినదే. గురువు గోత్రమడిగెను. తల్లి జబాల తనకు తెలియదని నిజము చెప్పి, తన పేరే చెప్పుమని బిడ్డను పంపెను. హారిద్రుమత గౌతముడు ఆ సత్యమునే గోత్రముగ గైకొని శిష్యునిగ చేర్చుకొనెను. 2015 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పునందు, అవివాహితయైన తల్లి తన బిడ్డకు జనన పత్రము కోరినచో ప్రమాణపత్రము గైకొని ఈయవలసినదే యని చెప్పినది. తండ్రి పేరు లేదని త్రిప్పిపంపుట తగదు. గౌతముడు ఎన్నడో ఒప్పుకొన్న దానికి కోర్టు ముద్ర పడుటకు ఇంతకాలము పట్టినది. అట్టి తల్లి కార్యాలయమునకు పోవుట కంటె, వీధిలో నడచిపోవుట కష్టము. ఆమెకు తోడు పోవువారుండవలెను.

ఇంకొక సంగతి ఈ డెల్టాకు ముఖ్యమైనది. కోనసీమనుండి, నరసాపురము ప్రాంతమునుండి ఇంటిపనులకై కువైట్ మొదలగు దేశములకు పోయిన స్త్రీలు అనేకులు. పసిబిడ్డను అమ్మమ్మకు అప్పగించి పోవుదురు. అమ్మమ్మకు చదువు రాదు. ఫోనుకు వచ్చిన అంకెను ఎవరో చదివి చెప్పవలెను. తల్లి సంతకము కావలసినచోట తల్లి సముద్రమునకు ఆవల. కావున ప్రయాణమునకు ముందే జనన పత్రము, బిడ్డ ఆధారు పూర్తి చేసికొనవలెను. ఐదేండ్ల లోపు బిడ్డకు వ్రేలిముద్రలు లేకుండ నీలపు ఆధారు ఇత్తురు. ఐదవ యేటను, పదునైదవ యేటను ముద్రలు వేయించవలెను. విదేశమున బిడ్డ పుట్టినచో సంవత్సరములోపల అక్కడి భారత రాయబార కార్యాలయమున నమోదు చేయించవలెను. అట్లు చేయక, స్థిరపడుటకై బిడ్డతో స్వదేశమునకు వచ్చినవారికి, వచ్చిన 60 దినములలోపల ఇచ్చటనే వ్రాయించుకొను అవకాశము 1969 చట్టము 20వ సెక్షనున గలదు.

లంకగ్రామములవారికి వరద భయము వేరు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి పొంగినప్పుడు పెట్టెలు నెత్తిన పెట్టుకొని పడవ లెక్కినవారికి తెలియును, ఏ కాగితము తడిసెనో ఏది మిగిలెనో. పత్రము పోయినను పుస్తకమున పద్దు ఉన్నచో మరల నకలు తీసికొనవచ్చును. పద్దే లేనివారికి నకలు ఎక్కడిది?

2019 అక్టోబరు 2 నుండి గ్రామ సచివాలయములు ఏర్పడి, కార్డులో పేరు చేర్చుట, తీసివేయుట వంటి పనులు ఊరిలోనే జరుగు వీలు కలిగినది. ఆశా కార్యకర్తయు, అంగన్‌వాడీ టీచరును ఏ యింట ఎన్నవ నెలయో ఎరుగుదురు. ఎరిగినవారున్నారు, వ్రాయువారున్నారు, ఇచ్చువారున్నారు. ఏటి కావలియొడ్డున నున్న పత్రము ఈవలి యొడ్డునకు తెచ్చు మనిషి మాత్రము ఎవరి జాబితాలోను లేడు.

గ్రంథాలయ కార్యవర్గమునకు ఒక విన్నపము. ఇరువదియైదేండ్లుగా ఈ భవనమున ఇచ్చిన పుస్తకములకును, తిరిగి వచ్చిన పుస్తకములకును ఒక చిట్టా సాగుచున్నది. దాని ప్రక్కన మరియొక నోటుపుస్తకము పెట్టవచ్చును. ఊరి ఆడపడుచులలో పురిటికి వచ్చినవారి పేరు, ఊరి కోడండ్రలో పురిటికి పోయినవారి పేరు, కాన్పయిన స్థలము, ఇరువది యొకటవ దినము ఏ తేది, పత్రము వచ్చినదా, పేరు చేరినదా, ఏ యూరి కార్డున చేరవలెను – ఇన్ని గడులు చాలును. ఇంటివారు ఇష్టపడి చెప్పినదే వ్రాయవలెను, ఇతరులకు చూపరాదు. సాయంకాలము పత్రికలు చదువుటకు వచ్చు కాలేజీ విద్యార్థులలో ఇద్దరు వంతులవారీగ శనివారము సాయంత్రము ఆ పుస్తకము ముందు కూర్చుండి, అర్జీలు నింపిపెట్టి, తల్లి పేరు ఆధారులో ఉన్నది ఉన్నట్లు అక్షరము అక్షరము సరిచూడవచ్చును. అమలాపురమునకో, రాజమహేంద్రవరమునకో, భీమవరమునకో పనిమీద పోవువారు గ్రామమున ప్రతిదినము గలరు. పోవువారి చేత పత్రము తెప్పించుటకు ఇంటివారి ఉత్తరము, ఆధారు నకలు జతచేసి సిద్ధముగ నుంచినచో చాలును. ఈ నెలలో ఈ యూర పురిటికి వచ్చియున్నవారు ఎందరో స్త్రీల వరుసలో కూర్చున్న అమ్మలకు తెలియును. సభ ముగియగనే ఆ పేర్లతోనే మొదటి పుట ఆరంభింపవచ్చును.